‘తాగనీ లే’ అను హింస

నెల ఒకటవ తేదీ ఉదయమున ఆదోని నుండి ఎమ్మిగనూరునకు పోవు త్రోవలో ఏ గ్రామమునందు దిగినను ఒక దృశ్యము కనబడును. సచివాలయ సిబ్బంది ఇంటింటికి వచ్చి, వృద్ధుల వ్రేలిముద్ర గైకొని, నాలుగు వేల రూపాయల పింఛను చేతిలో పెట్టి పోవుదురు. 2024 జూలై నుండి ఇచ్చుచున్న మొత్తమిది. అది ఎన్నో ఇండ్లలో మందులకు, బియ్యమునకు, మనుమల పుస్తకములకు వినియోగపడుచున్నది. దానిని నిందించువాడను కాను. కాని అదే దినము సంధ్యాసమయమున మద్యపు దుకాణము ముంగిట నిలిచినవారిలో నెరసిన తలలెన్ని యున్నవో ఒక్కసారి చూడుడు.

ఆ తలలను చూచి ఎవ్వరును ఆశ్చర్యపడరు. కోపగించువారును లేరు. "వయసైపోయినోడు, ఇంకెన్ని దినాలుంటాడు, తాగనీ లే" అందురు. ఈ వాక్యమును నేను బంధువుల ఇండ్లలో విన్నాను, రచ్చకట్టపై విన్నాను, ఒకసారి గీతాప్రవచనము ముగిసిన పిమ్మట ప్రసాదము పంచుచున్న చోటనే విన్నాను. పలికినవారందరును దానిని దయ యనియే తలచిరి. అది దయ కాదు, హింస. అహింసను పరమధర్మమని నిత్యము వల్లించు మనము ఈ హింసను ఇంతకాలము గుర్తింపకుండుట మన వేదాంతమునకే అవమానము.

‘ఇంకెన్ని దినాలు’ అను మాటలోని తర్కమును విప్పి చూడుడు. మిగిలిన ఆయువు అల్పము, కావున దానికి విలువ లేదు. విలువ లేనిదానిని పాడుచేసికొన్నను నష్టము లేదు. ఇది చార్వాకుడు కూడ అంగీకరింపని వాదము. అతడు కనీసము సుఖముగా జీవింపుమనెను గదా! మన ఆశ్రమధర్మమైతే దీనికి సంపూర్ణముగా విపరీతము. ముడుతలు పడిన చర్మమును, మనుమని ముఖమును చూచిన పిమ్మట మానవుడు తపస్సునకు అర్హుడగునని స్మృతులు చెప్పినవి. అంతవరకు కుటుంబమునకై వెచ్చించిన కాలము, ఇప్పుడు తనకై, తనలోని పరతత్త్వమునకై మిగిలినది. వానప్రస్థము నిరీక్షణశాల కాదు. అంత్యకాలమున మనస్సు దేనిని స్మరించునో జీవుడు దానినే పొందునని గీత ఎనిమిదవ అధ్యాయమున భగవానుడు బోధించినాడని ప్రతి కర్మకాండ సమయమునను పురోహితులు చెప్పగా వినుచునే యున్నాము. ఆ స్మరణకు సిద్ధము కావలసిన సంవత్సరములనే ‘తాగనీ లే’ అని పారవేయుచున్నాము.

యయాతి కథ తెలియనివారు లేరు. వార్ధక్యము పైబడగా కుమారుడైన పూరుని యౌవనమును అరువు తెచ్చుకొని, సుదీర్ఘకాలము భోగములనుభవించి, చివరకు ఆజ్యము పోసిన అగ్నివలె కామము అనుభవముచేత శమింపదని గ్రహించి ఆ యౌవనమును తిరిగి ఇచ్చివేసెను. నేటి మన పల్లెలలో కథ తలక్రిందులైనది. ఇచట తండ్రి యౌవనమును అడుగుట లేదు. కుమారుడే సీసా తెచ్చి తండ్రి మంచము క్రింద పెట్టుచున్నాడు. "నాయన నిద్రపోతాడు, మనకు గొడవ ఉండదు" అని కోడలు ఊరట చెందుచున్నది. తండ్రికిచ్చు ఆ నిద్ర ఎవరి సౌఖ్యమునకై? ఈ ప్రశ్నను నేను ఎవరినడిగినను సమాధానము రాలేదు.

దేహధర్మమును కొంచెము చెప్పవలెను, ఏలయన ‘ఏండ్ల తరబడి తాగిన ఒళ్ళు, ఏమీ కాదు’ అను భ్రమ బలముగా నున్నది. యౌవనమున పురుషుని దేహభారములో సుమారు 60 శాతము జలము. వార్ధక్యమున అది 50 శాతము దరికి దిగును. మద్యము జలమునందే కలియునది గావున, నలుబదియవ ఏట త్రాగిన గ్లాసే డెబ్బదియవ ఏట రక్తములో ఎక్కువ గాఢతతో నిలుచును. కాలేయము మందగించును, మెదడు త్వరగా లొంగును, కాలు తొట్రిలును. రాత్రి బహిర్భూమికి లేచి తూలిపడిన వృద్ధునికి తుంటియెముక విరిగినచో, అతడు మరల తన కాళ్ళపై నిలుచుట దుష్కరము. చక్కెరవ్యాధికి గ్లిమెపిరైడు వంటి మాత్ర మ్రింగి, అన్నము తినక మద్యము త్రాగినవాడు, రక్తములో చక్కెర పడిపోయి స్పృహ తప్పును. ఇంటివారు ‘నిషాలో నిద్రించుచున్నాడు’ అని దుప్పటి కప్పుదురు. ఆరోగ్యమునకు హాని చేయని మద్యపరిమాణమనునదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. వృద్ధుని విషయమున ఆ మాట మరింత సత్యము.

ఇక ఈ ప్రాంతపు స్థితి. కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు వైపు వానలు తప్పిన ఏడు, తప్పని ఏడు అను భేదము లేక, కుటుంబములు ‘సుగ్గి’కి పోవును. గుంటూరు మిరపచేలకు, పత్తిచేలకు, బెంగళూరు కట్టడములకు వయసున్నవారందరును లారీలెక్కి పోగా గ్రామమున మిగులువారెవరు? వృద్ధులు, వారి చేతిలో పెట్టబడిన పసివాండ్రు. తుంగభద్ర దిగువ కాలువ క్రింద నీరు పారు ఊళ్ళలో కొంత మేలు. మెట్టయూళ్ళలో వీధులు వీధులే తాళములు. ఆ నెలలలో ఇంటికి తాతయే తల్లి, తాతయే తండ్రి. ఆ తాత సాయంకాలము ఆరు గంటలకు స్మృతి తప్పి పడియుండిన, పొయ్యి ఎవరు వెలిగింతురు? పామో తేలో కుట్టిన బిడ్డను ఆదోని ఆసుపత్రికి ఎవరు చేర్తురు? ‘వాని ప్రాణము, వాని ఇష్టము’ అనువారు ఈ బిడ్డలను లెక్కలోనికి తీసికొనలేదు. ఒంటరితనమే ఆ తాతను సీసా వద్దకు చేర్చినదనుటయు సత్యమే. సుగ్గికి పోవు కుమారుడు ఆ సంగతి నెరిగియే పోవుచున్నాడు; పోక తప్పదు గావున పోవుచున్నాడు. అతనిని నిందింపజాలను. గ్రామమున మిగిలిన మనలను నిందించుచున్నాను.

అవ్వల మాట ఎవ్వరును ఎత్తరు. పత్తి తీసి, కలుపు తీసి, వంగిన నడుముతో ఇంటికి వచ్చి, కొంగు చాటున ఒక ప్యాకెట్టు త్రాగి పడుకొను అవ్వలును ఉన్నారు. మగవానికి ‘తాగనీ లే’ యైనది అవ్వకు ‘సిగ్గు లేదా’ యగును. అందుచే ఆమె వ్యాధి ఇంకను లోతుగా దాగును.

ప్రభుత్వమును విడిచిపెట్టుట న్యాయము కాదు. నేటి డెబ్బది ఏండ్లవాడు ఎట్లు త్రాగుబోతయ్యెనో చరిత్ర చెప్పును. 1980 దశకమున ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ సంచులలో నింపించి ఊరూరికి పంపెను. ఆ పథకమునకు పెట్టిన పేరు ‘వారుణి వాహిని’! క్షీరసాగరమథనమున ఉద్భవించిన దేవత నామము సారా పొట్లమునకు తగిలింపబడినప్పుడు మన పండితులలో నోరు విప్పినవారెందరు? నోరు విప్పినవారు పండితులు కారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుకొనుచుండిన స్త్రీలు. 1992లో వారు రేపిన ఉద్యమమునకు తలవంచి, మన కర్నూలు జిల్లావాడే యగు కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా 1993 అక్టోబరు 1 నుండి సారాను నిషేధించెను. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చెను. 1997లో అది తొలగినది. వారుణి వాహిని కాలమున పొట్లము కొరికి త్రాగ నేర్చిన యువకులే నేటి పింఛనుదారులు. వారికి అలవాటు చేసిన చేయి ఏదో మరువరాదు.

పిమ్మటి కథ అందరు చూచినదే. 2019 అక్టోబరు నుండి దుకాణములు ప్రభుత్వమువే యైనవి, ధరలు పెరిగినవి, త్రాగుడు తగ్గుననిరి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములకు రాయచూరు, బళ్ళారి జిల్లాలు కూతవేటు దూరము. కర్ణాటక ప్యాకెట్లు ద్విచక్రవాహనములపై, కూరగాయల సంచులలో సరిహద్దు దాటి వచ్చినవి. 2024 అక్టోబరు 16 నుండి రాష్ట్రమున 3,396 ప్రైవేటు దుకాణములు తెరచుకొన్నవి. 99 రూపాయలకే క్వార్టరు లభించుననుట సాధనగా ప్రచారమైనది. పింఛను నాలుగు వేలు, క్వార్టరు తొంబది తొమ్మిది. గణితము మీరే చేయుడు: దినమునకొకటి చొప్పున త్రాగువానికి నెల తిరుగక మునుపే వేయి రూపాయలు మిగిలియుండును. కుడిచేత ఇచ్చి ఎడమచేత గ్రహించు దాత ధర్మశాస్త్రములలో నాకు కానరాలేదు. మద్యనిషేధమునకై రాజ్యము యత్నింపవలెనని రాజ్యాంగము 47వ అధికరణము చెప్పుచున్నది. ఛాందోగ్యమున అశ్వపతి కైకేయుడు తన జనపదమున చోరుడు లేడు, లోభి లేడు, మద్యపుడు లేడని మునులయెదుట గర్వముగా పలికెను. నేటి పాలకులు ఏ పక్షమువారైనను మద్యపు ఆదాయము పెరిగినదని పలుకుదురు.

అయినను, ఇది రాజకీయవ్యాసము కాదు. నా ప్రధానవైరము మనవారితోనే.

‘ఆత్మ త్రాగదు, దేహము త్రాగుచున్నది, వాడు సాక్షి మాత్రుడు’ అని ఒక మహాశయుడు నాతో వాదించెను. ఈ వాక్యము పలుకుటకు అర్హత ఒక్కనికే యున్నది: గ్లాసు దొరకకున్నను చేయి వణకనివానికి. దేహము నేను కానని ఎరిగినవాడు దేహపు దాహమునకై అప్పు చేయడు, భార్య కమ్మలు తాకట్టు పెట్టడు. అధ్యాసలో నిండ మునిగినవానికి సాక్షిభావమును అంటగట్టుట అద్వైతము కాదు, ఆచార్యులవారికి చేయు అపచారము.

మరియొకరు ‘అంతయు ప్రారబ్ధము’ అందురు. కర్మలు మూడు విధములని చదివినవారే ఈ మాట యనుట వింత. బాణము వింటిని వీడినది ప్రారబ్ధము. చెడిన కాలేయము, వణకు చేయి, పోయిన పొలము ప్రారబ్ధమని ఒప్పుకొందును. కాని రేపటి సాయంకాలపు గ్లాసు ఇంకను ఎత్తబడలేదు, అది ఆగామి. ఆగామిని ప్రారబ్ధమని పిలుచుట సోమరితనమునకు శాస్త్రనామము పెట్టుటయే. పైగా, ప్రక్కింటివాడు నశించుచుండగా మౌనము వహించినచో ఆ మౌనము ఎవరి ఖాతాలో జమయగునో వారు ఆలోచించినట్లు లేదు.

మూడవవాడు మనుస్మృతిని ఉదాహరించును. మాంసమునందు, మద్యమునందు దోషము లేదు, అది ప్రాణుల ప్రవృత్తి యని మనువు చెప్పినాడట. చెప్పినాడు, కాని అదే శ్లోకము చివర నివృత్తియే మహాఫలమని ముగించినాడు. సగము శ్లోకముతో సంపూర్ణముగా త్రాగువారికి నమస్కారము!

నాల్గవవారు వీరందరికి విపరీతులు. సురాపానము పంచమహాపాతకములలో ఒకటి యని గర్జించి, త్రాగినవానిని భజనమందిరపు మెట్టెక్కనీయరు. శ్రుతివాక్యము సత్యమే. కాని ఆ ఉపనిషత్తు నలుగురు పాతకులను చెప్పి ఊరుకొనలేదు. వారితో కూడి ఆచరించు ఐదవవానిని కూడ చెప్పినది. ఆ ఐదవవాడెవడు? నా బుద్ధికి తోచినది చెప్పెదను: తండ్రికి సీసా తెచ్చు కుమారుడు, అప్పుపద్దు వ్రాసికొని అమ్మువాడు, జాతరలో దేవుని పేర పీపాలు దింపించు పెద్దమనిషి. వారందరును మందిరమున ముందువరుసలో కూర్చుండగా, మెట్ల క్రింద వణకుచున్న వృద్ధుడొక్కడే పాతకి యగునా?

జాతర మాట వచ్చినది గావున ఒక్క విషయము. హొళగుంద మండలము దేవరగట్టున విజయదశమి రాత్రి బన్ని ఉత్సవమునకు ముందు మద్యము చేరకుండ అధికారులు ఏటేటా కావలి పెట్టవలసి వచ్చుచున్నది. మౌసలపర్వమున ద్వారకలో సుర కాచరాదని చాటింపు వేయించిరి; అందరు ఒప్పుకొనిరి; తీర్థయాత్ర పేర ప్రభాసమునకు పోయినప్పుడు మాత్రము బండ్లలో సుర వెంట పోయెను. ఆ యాత్రలో ఏమి జరిగినదో వ్యాసుడు దాచలేదు. దేవుని పేర చేసిన యాత్రయే యాదవులను ముగించినది.

ఇప్పుడు నా దోషము చెప్పుకొనవలెను. మా మేనమామ ఎమ్మిగనూరులో గుంటమగ్గముపై నలుబది ఏండ్లు నేసినవాడు. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘము వెలుగు వెలిగిన దినములను ఎరిగినవాడు; మరమగ్గముల ముందు చేమగ్గము మూగవోవుట చూచినవాడు. గుంటలో కాళ్ళు వ్రేలవేసి కూర్చుండి నడుము పోయినది. నడుమునొప్పికని మొదలైన సారా, పిమ్మట ఏది దొరికిన అది. నేను సెలవులకు పోయినప్పుడెల్ల గీత పదునెనిమిదవ అధ్యాయము విప్పి సాత్త్విక రాజస తామస సుఖభేదములు బోధించుచుండెడివాడను. ఆయన నవ్వి "గీత సెప్తే నడుమునొప్పి పోతాదా అల్లుడూ?" అనెడివాడు. ఆయన వెదకినది సుఖము కాదు, దుఃఖనివృత్తి. ఆ భేదము నాకు తెలియుటకు ఏండ్లు పట్టినది.

ఒక శ్రావణమాసమున నా పోరు పడలేక ఉరుకుంద ఈరన్నస్వామికి మ్రొక్కి, పాడ్యమి నుండి ఒక్కచుక్క ముట్టనని మానెను. నేను గర్వించితిని. రెండవ దినము చేతులు వణకినవి. మూడవ రాత్రి ఆయన గోడ కానుకొని కూర్చుండి శూన్యములో చేతులాడింపసాగెను. చూచుచుండగా అర్థమైనది: నాడె విసరుచున్నాడు. లేని మగ్గముపై, లేని నూలుతో నేయుచున్నాడు. తెగిన పోగును ముడివేయుచున్నాడు. ఇరుగుపొరుగువారు "సామి పూనినాడు" అని టెంకాయ కొట్టిరి. వేదాంతము చదివిన నేనును చేతులు జోడించితిని. తెల్లవారుజామున మూర్ఛ వచ్చి నాలుక కొరికికొన్నప్పుడు గాని ఎవ్వరికిని వైద్యుడు గుర్తుకు రాలేదు. కర్నూలునకు తీసికొనిపోయినాము. ఇంకొక పూట ఆలస్యమైన దక్కెడివాడు కాడని అచటి వైద్యుడు నాతో మెల్లగా అనెను.

ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగిన శరీరము ఒక్కసారిగా మద్యము లేకపోయిన, ఆరేడు గంటలలో వణకు, ఒకటి రెండు దినములలో మూర్ఛ, మూడవ దినము దాపున మతిభ్రంశము కలుగవచ్చును. వృద్ధునికి అది ప్రాణాంతకము. మందులతో, థయమిన్ అను బి1 విటమినుతో, వైద్యుని పర్యవేక్షణలో దానిని దాటింపవచ్చును. ఇది పాశ్చాత్యుల మాట మాత్రమే యని తలపకుడు. చరకుడు చికిత్సాస్థానమున మదాత్యయమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. దానిని వ్యాధిగా గ్రహించి చికిత్స చెప్పెను. సూత్రస్థానమున, అభ్యస్తమైన అహితమును పాదము పాదముగా, క్రమముగా విడువవలెననెను. మానసిక బలమొక్కటి చాలునని నేను మా మామకు బోధించినది శాస్త్రము కాదు, నా అహంకారము. మాల ధరించుట, మ్రొక్కు మ్రొక్కుట మహత్తరములే. రాయదుర్గము వైపు పాండురంగని సన్నిధిని మాల వేసికొని మానినవారున్నారు. ఆ సంకల్పమును నేను తగ్గించి చెప్పుట లేదు. కాని నిత్యము త్రాగు వృద్ధునికి మాల వేయు గురుస్వామి, ముందుగా వైద్యుని వద్దకు పంపి పిమ్మట మాల వేయవలెను. 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సర్వేక్షణ ప్రకారము మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కడు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందెను. మిగిలిన 37 మందికి మనము ఇచ్చినది నీతిబోధ, లేదా ‘తాగనీ లే’. వ్యసనవిముక్తికై 14446 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చునని మన భజనమందిరపు గోడపై ఎచటనైన వ్రాసియున్నదా? దాతల పేర్లు మాత్రము చలువరాతిపై చెక్కియున్నవి.

మా మామ ఆసుపత్రి నుండి వచ్చి మూడు నెలలు మానెను. కార్తికమున మరల త్రాగెను. నేను తిట్టలేదు, అప్పటికి నాకు కొంత బుద్ధి వచ్చినది. మరల వైద్యుని వద్దకు పోయినాము. నడుమునకు వేరుగ చికిత్స మొదలైనది. అంతవరకు నలుబది ఏండ్లలో ఆ నడుమును ఒక్క వైద్యుడును చూడలేదు! వైద్యుడు అడిగిన ప్రశ్న ఒకటి నన్ను ఆలోచింపజేసినది: ‘సాయంకాలము ఆరు నుండి ఎనిమిది వరకు ఈయన ఏమి చేయును?’ మాలో ఎవ్వరికిని తెలియదు. మందిరము తెరచునది ఉదయము ఐదు గంటలకు, మూయునది తొమ్మిదికి. సాయంకాలము శనివారము మాత్రమే భజన. దుకాణము మాత్రము ప్రతి సాయంకాలము తెరచియుండును.

కమిటీవారితో వాదన రెండు నెలలు సాగినది. విద్యుత్తు ఖర్చు ఎవరిదనిరి, త్రాగివచ్చినవాడు మందిరమును అపవిత్రము చేయుననిరి. త్రాగివచ్చినవాడు అరుగుపై కూర్చుండునని, త్రాగనివాడు లోన కూర్చుండునని ఒప్పందము కుదిరినది. నాకది నచ్చలేదు, అయినను అంగీకరించితిని. మొదట ముగ్గురు వచ్చిరి, అందొకడు అరుగుపైనే. ఇప్పుడు పదునొకండుగురు. సుగ్గికి పోయినవారి పిల్లలు ఆరుగురు తాతల వెంట వచ్చి అచటనే పాఠములు వ్రాసికొందురు. తాళము వేయుట మా మామ పని. ఆయన తాళమెప్పుడును కుదురుగా నుండదు, నాడె విసరిన వేగముతో పరుగెత్తును. తలుపు తీయు పని నాది. నేను ఊరనున్న దినములలో ఆరు దాటి ఐదు నిమిషములైన ఫోను మ్రోగును: "ఏం అల్లుడూ, ఇంకా తలుపు తీయలేదే?"